పూత మేస్త్రి పోసిన పాన్‌కేకులు

పూత మేస్త్రికి ఈ లోకంలో పడనివి రెండే రెండు: ఉండలు, గాలి బుడగలు. మనుషుల్లో ఆయనకి శత్రువులు లేరు. ఉన్నా వాళ్ళని గుర్తుపెట్టుకునే ఓపిక లేదు. ఈ రెంటితో మాత్రం పనిలో చేరిన నాటినుంచీ పగ సాగిస్తూనే ఉన్నాడు.

ఇళ్ళ కప్పులకి తెల్లటి ప్లాస్టరు పూయడం, ఆ పూత అంచుల్లో లతలూ పువ్వులూ దిద్దడం ఆయన పని. అందుకే ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన పూత మేస్త్రి. పొడిని నీళ్ళలో పోసి కలపడం దూరంనుంచి చూస్తే పిల్లలాటలా ఉంటుంది. గరిటె చేతికొచ్చాక తెలుస్తుంది దాని సంగతి. ఒక్క ఉండ మిగిలినా తాపీ కింద గీత పడుతుంది. ఒక్క బుడగ మిగిలినా, ఆరేదాకా నంగనాచిలా కూర్చుని, ఇంటివాళ్ళు సామాన్లు సర్దుకున్నాక చిన్న గుంటై పైనుంచి వెక్కిరిస్తుంది. అందుకని మేస్త్రి బకెట్టు అడుగునుంచి తిప్పుతాడు, పక్కల్ని గుద్దుతాడు, ఉండ కనబడితే వేళ్ళ మధ్య నలిపేస్తాడు. వెన్నలా నున్నగా అయ్యేదాకా ఊపిరి పీల్చుకోడు. అదీ తొందర తొందరగా చెయ్యాలి. కలిపిన ప్లాస్టరు ఎవరి మొహం చూసీ ఆగదు. వయసులో ఉన్న రోజుల్లో ఒక ఇంటాయన వచ్చి క్షేమసమాచారాలు అడిగితే, మర్యాదకి నాలుగు మాటలు మాట్లాడి ఇటు తిరిగేసరికి బకెట్టూ గరిటే కలిసి ఒకే రాయై కూర్చున్నాయి. అప్పటినుంచి పనిలో ఉండగా ఎవరు పలకరించినా ఆయన గోడకే జవాబు చెప్తాడు.

ఇలాంటి మనిషి ఒక వానాకాలపు మధ్యాహ్నం వంటగదిలో గిన్నె ముందు నిలబడి, తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కదలకుండా ఆపుకోవలసి వచ్చింది. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు ఆయన అక్క గురించి చెప్పాలి.

అక్క ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి లేని ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ప్లాస్టరు పనిలో పెట్టిందీ ఆవిడే. బళ్ళో కిటికీలోంచి బయటికి చూడటం తప్ప వీడికి వేరే చదువు అబ్బదని తేల్చి, ఒకరోజు చెవి పట్టుకుని తీసుకెళ్ళి ఒక ముసలి మేస్త్రికి అప్పగించింది. పైకి చూసే పని కదా, వీడికి సరిపోతుంది అందట. తను మాత్రం ఊళ్ళో పెద్ద హోటల్లో బట్టల గదిలో పనికి కుదిరింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, భోజనాల బల్ల మీది గుడ్డలు ఉతికి పంపితే ఇస్త్రీ చేసి మడతలు పెట్టే గది. నేలమాళిగలో ఉండేది. కిటికీ లేదు. జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. ఆవిడ పెట్టిన మడత చూస్తే కొలబద్దతో కొలిచినట్టుండేది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి, మడతలు పెట్టాల్సిన బట్టలు ఇప్పటికే బోలెడున్నాయి అని చెప్పేది. మేస్త్రి భార్య చనిపోయిన ఏడాది, ఒక పెట్టె పట్టుకుని వచ్చి తమ్ముడి మేడమీది రెండు గదుల్లో ఒకటి తీసేసుకుంది. నీకు వండిపెట్టడానికి వచ్చాననుకునేవు, నా పాత గదిలో ఎండ పడదు, అందుకొచ్చాను అంది. వచ్చిన రోజునుంచీ వండిపెడుతూనే ఉంది. మేస్త్రికి పొయ్యి వెలిగించడం తెలుసు, టీ కాచుకోవడం తెలుసు. ఆ పైన వంటగదిలో ఆయన తెలివి తెల్లారినట్టే.

చలికాలం చివర్లో అక్కకి పక్షవాతం వచ్చింది. ఎడంపక్క చెయ్యీ కాలూ పట్టు తప్పాయి. మాట వారంలో తిరిగొచ్చింది. కాస్త ముద్దగా వచ్చినా పదును తగ్గలేదు. గొంతు మాత్రం మింగడం మర్చిపోయింది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, దాని ద్వారానే పాలూ జావా పంపేవారు. నెలల తరబడి నాలుక మీద ఏమీ పడలేదు. వసంతం వెళ్ళింది, ఎండలు వెళ్ళాయి, వానలు మొదలయ్యాయి. ఒకరోజు మేస్త్రి గుడ్డ పిండుతూ అటు తిరిగి ఉండగా, అక్క మంచి చేత్తో ఆ గొట్టాన్ని లాగి అవతల పారేసింది.

ఇళ్ళకి వచ్చి చూసే నర్సమ్మ కోప్పడలేదు. ఆవిడ ఇలాంటివి చాలా చూసింది. చెంచాడు నీళ్ళు, తర్వాత చెంచాడు చిక్కటి జావ నోట్లో పోసి, గొంతు దగ్గర చెవి పెట్టి విని, మేస్త్రిని మెట్ల దగ్గరికి పిలిచింది. గొంతు కోలుకుంది, పనిచేస్తోంది అని చెప్పింది. మేస్త్రి మొహం వెలిగే లోపే మిగతాది కూడా చెప్పింది.

"మింగగలరు. మింగనంటున్నారు. నేను రేపు పొద్దున వస్తాను. ఈలోపు ఏదైనా సరే, మెత్తగా తడిగా ఉన్నది, ఆవిడంతట ఆవిడ తింటే గొట్టం జోలికి పోను. తినకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. పొట్టకి చిల్లు పెట్టి అక్కడినుంచి వేస్తారు. అది పడ్డాక మళ్ళీ నోటితో తినాలని ఆవిడ అనుకుంటారని నాకైతే నమ్మకం లేదండీ."

మేస్త్రి ఆ రోజు చెయ్యని ప్రయత్నం లేదు. ఉడికించిన బంగాళాదుంప మెదిపి పెట్టాడు. అక్క పెదాలు బిగించింది. ఓట్స్ జావ కాచాడు. ఒక చెంచా నోట్లో పెట్టించుకుని, బుగ్గన ఉంచుకుని, ఆయన వైపు అలాగే చూసి, తువ్వాల్లోకి వదిలేసింది. గోడకి పూసేది నా నోట్లో పూస్తావేంట్రా అంది. ఆయన బతిమాలాడు, బెదిరించాడు, చిన్నప్పుడు తనని తినిపించడానికి ఆవిడ చెప్పిన అబద్ధాలన్నీ తిరగేసి ఆవిడకే చెప్పాడు. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. చివరికి ఏం తింటావో నువ్వే చెప్పు, నీకు పుణ్యముంటుంది అని మంచం పట్టె మీద కూలబడ్డాడు. అక్క గోడతోనే అన్నట్టు అంది: "పాన్‌కేకులు."

ఆ హోటల్ బట్టల గదికీ పైన వంటగదికీ మధ్య ఒక చిన్న లిఫ్టు ఉండేదట, మనుషులెక్కేది కాదు, బట్టల మూటలు దించేది. పొద్దున్నే వంటగదిలో పాన్‌కేకులు వేసేటప్పుడు ఆ వాసన ఆ గొట్టంలాంటి దారిలోంచి సూటిగా కిందికి దిగేది. వెన్న కాగుతున్న వాసన, దాని వెనక ఏదో తియ్యగా కాలుతున్న వాసన. కిటికీ లేని ఆ గదికి రోజూ తెల్లవారేది ఆ వాసనతోనే. అక్క ఒక్కనాడూ వాటిని తినలేదు, చూడను కూడా లేదు. బల్లగుడ్డల మీద మిగిలిన తియ్యటి పాకం మరకలు చూసి, ఇదేదో గుండ్రంగా ఉండే వస్తువని మాత్రం తెలుసుకుంది. తనకి తనే కొనుక్కుని తినొచ్చు కదా అంటే, ఏమో, ఎప్పుడూ తోచలేదు అంది. ఇన్నేళ్ళలో తమ్ముడితో ఈ మాట ఎత్తడం అదే మొదటిసారి. చంకనెత్తుకుని పెంచిన మనిషిలో కూడా మనం ఎన్నడూ అడుగుపెట్టని గది ఒకటి ఉంటుంది.

సమస్య ఏమిటంటే, మేస్త్రీ తినలేదు. ఇంట్లో ఇద్దరూ ఎరగని వంటకాన్ని, వండటం రాని మనిషి వండాలి. దానికి తోడు బయట మూడు రోజులుగా ఆగని వాన. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కొట్లన్నీ మూతబడ్డాయి. చివరికి ఆయన మెట్లు దిగి కింది ఇంటి డ్రైవరు తలుపు తట్టాడు.

డ్రైవరు టాక్సీ నడుపుతాడు. నీళ్ళు దిగేదాకా బండి తియ్యలేక, ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్యకి పొద్దుటి డ్యూటీ పడిన వారాల్లో కూతురి నోరు ఊరుకోబెట్టడానికి పాన్‌కేకులు నేర్చుకున్నాడు. మేస్త్రి చెప్పింది విని, గుడ్లున్నాయా అని అడిగాడు. లేవు. పాలు? విరిగిపోయాయి. బేకింగ్ పౌడరు? అదేమిటి? మైదా? డబ్బా అడుగున ఒకటిన్నర గ్లాసుంటుందేమో. డ్రైవరు తల గోక్కుని, తన ఇంట్లోనూ గుడ్లూ పాలూ నిన్ననే అయిపోయాయని చెప్పి, గుమ్మంలోనే నిలబడి ఆలోచించాడు.

"ఏం పర్లేదు బాబాయ్. పొంగడానికి ఒక పులుపూ ఒక సోడా. అంటుకుని ఉండటానికి ఏదో ఒక జిగురు. పిండి ఏ పిండైనా పిండే. ఇంట్లో ఏమున్నాయో నువ్వే వెతుక్కో."

మేస్త్రి మేడెక్కి అలమర తలుపులన్నీ బార్లా తెరిచాడు. పాలకి బదులు గిన్నె అడుగున గట్టిగా పులిసిన పెరుగుంది. నీళ్ళు పోసి చిలికితే చిక్కటి మజ్జిగైంది, పులుపు కూడా అందులోనే వచ్చేసింది. అక్క కెటిల్ మాడు వదలగొట్టడానికి దాచుకునే వంట సోడా పొట్లం సింకు పక్కనే దొరికింది. గుడ్డుకి బదులు ఏమిటా అని చూస్తే, ఎవరూ తినక తొక్క నల్లబడిన అరటిపండు కనిపించింది. వలిచి నలిపితే గరిటెకి తీగలా సాగింది. జిగురు దొరికింది. మైదా చాలదు కాబట్టి, పొద్దున జావ కాచగా డబ్బాలో మిగిలిన ఓట్స్ గుప్పెడు తీసి, కరెంటు లేక, సీసాతో దొర్లించి దొర్లించి పొడి చేశాడు. టీ వడగట్టే జాలీలో జల్లించాడు. వెన్న డ్రైవరు కూతురు తన రొట్టెముక్కలోంచి త్యాగం చేసి కాగితంలో పంపింది.

రాయడం పుట్టకముందే, కుండ చెయ్యడం తెలియకముందే, మనిషి గింజలు నూరి తడిపి కాలిన రాళ్ళ మీద రొట్టెలాంటిది చేసుకున్నాడని తవ్వకాలు చేసేవాళ్ళు చెప్తారు. అప్పుడు మాత్రం ఎవరి దగ్గర సరంజామా సరిగ్గా ఉంది? ఉన్నదేదో నూరి ఉంటారు, లేనిదానికి బదులు పక్కన మొలిచిందేదో కలిపి ఉంటారు. పొయ్యి ముందు ఆ మొదటి మనిషి పడ్డ ఆదుర్దా మేస్త్రి పడ్డదానికంటే పెద్దదేమీ కాదు. బహుశా అవతల ఒక అక్క ఆకలితోనే ఉండి ఉంటుంది.

ఇక కలపడం. ఇక్కడ మేస్త్రికి ధైర్యం వచ్చింది. పొడీ నీళ్ళూ కలపడం తనకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? గిన్నె ఒళ్ళో పెట్టుకుని అడుగునుంచి తిప్పాడు. పక్కల్ని గుద్దాడు. ఉండ కనిపించిన చోటల్లా వేళ్ళతో చిదిపాడు. పైకి బుడగ తేలితే గరిటె వెనకవైపుతో పగలగొట్టాడు. చెయ్యి నొప్పెట్టేదాకా కలిపాడు. చివరికి పిండి పట్టుగుడ్డలా మెరిసింది. కప్పుకి పూస్తే వందేళ్ళుండేలా ఉంది. గర్వంగా పెనం మీద పోసి, రెండువైపులా కాల్చి, చిన్న ముక్క తుంచి, మీద చక్కెర నీళ్ళు చల్లి అక్క నోటికి అందించాడు.

అక్క నమిలింది. మళ్ళీ నమిలింది. అది ముక్కలవలేదు. చెప్పు అట్టలా సాగింది. సగం నలిగిన ముక్క వెనక్కి జారింది. ఒక్కసారిగా దగ్గు తెర మొదలైంది. మొహం కందగడ్డైపోయింది, కళ్ళు పైకి తేలాయి. మేస్త్రి ఆవిడని ముందుకి వంచి వీపు మీద చరిచాడు, వేలు పెట్టి ముక్క బయటికి లాగాడు. ఊపిరి అందాక ఆవిడ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి బాగుండేది.

"ఇంక వద్దురా," అంది మెల్లగా. "వాళ్ళు పెట్టే గొట్టమేదో పెట్టనీ."

మేస్త్రి వంటగదిలోకొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తను అక్కని చంపబోయాడు. అదీ తనకి బాగా వచ్చిన పనితోనే.

దగ్గు వినబడి డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. పెనం మీద మిగిలిన ముక్క తుంచబోయాడు, తెగలేదు. గిన్నెలోకి తొంగి చూసి, ఎంతసేపు కలిపావు బాబాయ్ అని అడిగాడు. నున్నగా అయ్యేదాకా అన్నాడు మేస్త్రి. డ్రైవరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆపుకున్నాడు. తడిసిన పిండిని ఎక్కువ తిప్పితే బంక కడుతుందని, ఆ బంకే అట్టముక్కలా గట్టిపడుతుందని, తన మొదటి పాన్‌కేకుని కూతురు గోడకేసి కొడితే తిరిగి ఎగిరొచ్చిందని చెప్పాడు. పొడి తడిస్తే చాలు, అక్కడితో గరిటె తీసెయ్యాలి. ఉండలుంటే ఉండనీ. వేడికి అవే కరుగుతాయి. బుడగల జోలికి అస్సలు పోకూడదు.

"ఉండలతోనే పొయ్యమంటావా?"

"ఉండలతోనే. బుడగలే దాని ప్రాణం బాబాయ్. నువ్వు చంపేశావు."

డబ్బాలో మిగిలిన పొడి పిండి ఇంకొక్కసారికే సరిపోతుంది. మేస్త్రి పొడులన్నీ ఒక గిన్నెలో, మిగిలిన మజ్జిగా అరటిపండు గుజ్జూ ఇంకో గిన్నెలో పెట్టి, ఇది దానిలో పోశాడు. గరిటె నాలుగుసార్లు తిరిగిందో లేదో, చాలు అన్నాడు డ్రైవరు. మేస్త్రి చూశాడు. తెల్లటి ఉండలు, పొడి గీతలు, అక్కడక్కడా తడవని మచ్చలు. తన దగ్గర పనిచేసేవాడెవడైనా ఇలా కలిపి తెస్తే బకెట్టుతో సహా మెట్లమీంచి దొర్లించేవాడు. చెయ్యి తనంతట తనే గిన్నెవైపు వెళ్ళింది. ఊరుకో బాబాయ్ అన్నాడు డ్రైవరు. చెయ్యి ఆగలేదు. అదిగో, అప్పుడే ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టుని పట్టుకున్నాడు.

ఇప్పుడేం చెయ్యాలి అని అడిగాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, కాసేపు అలా వదిలెయ్యాలి అన్నాడు డ్రైవరు. కలిపింది వదిలెయ్యడమా! మేస్త్రి ఒంట్లో ప్రతి నరమూ గోల పెట్టింది. నలభై ఏళ్ళుగా కలిపిందాన్ని వదిలేస్తే రాయైపోతుందన్న భయంతో బతికిన మనిషి. వాన చప్పుడు వింటూ, గిన్నె మీద కళ్ళు పెట్టి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. అవతలి గదిలో అక్క దగ్గు మళ్ళీ ఒకసారి వినబడి ఆగింది.

అప్పుడు గిన్నెలో ఏదో కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. పిండి తనంతట తనే, నిద్రలో ఉన్న పాపాయి పొట్టలా, నెమ్మదిగా ఉబ్బింది. ఒక మూల చిన్న కన్ను తెరుచుకుంది. దాని పక్కన ఇంకొకటి. లోపలెక్కడో పులిసిన పెరుగూ కెటిల్ తోమే సోడా ఒకదాన్నొకటి పలకరించుకుని, ఊపిరి పీల్చడం మొదలెట్టాయి. గట్టిగా ఉన్న చోట్లు మెత్తబడుతున్నాయి. పొడి గీతలు మాయమవుతున్నాయి. తను చెయ్యనిదంతా అదే చేసుకుంటోంది. మేస్త్రి నోరు వెళ్ళబెట్టి చూశాడు. కలిపి వదిలేస్తే చచ్చేదాన్నే ఆయన ఇంతకాలం చూశాడు. వదిలేస్తే బతికేది కూడా ఒకటి ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

వెన్న రాసిన పెనం మీద, అరచేతంత, పోశాడు. డ్రైవరు ఇచ్చిన సూచన ఒక్కటే: ముట్టుకోకు. అంచులు మెల్లగా బిగిశాయి. మధ్యలో బుడగలు లేచాయి. ఒకటి, నాలుగు, లెక్క తప్పినన్ని. మొదటివి పగిలి మళ్ళీ పూడుకున్నాయి. తర్వాతవి పగిలి అలాగే తెరుచుకుని నిలిచిపోయాయి. ఆ చిన్న చిన్న గుంటలన్నీ మేస్త్రికి తెలిసినవే. ఏ కప్పులో కనబడినా ఆయనకి నిద్ర పట్టనివ్వని గుంటలే. ఈ గాలిని తను ఎంత కాలం, ఎంత కసిగా గుద్ది గుద్ది బయటికి తరిమాడు! అదే గాలి లోపల ఉండిపోయి, బరువుని మోస్తోంది.

పాతకాలంలో ఒక మహా గుమ్మటం కట్టినవాళ్ళు, పైకి వెళ్ళే కొద్దీ నీళ్ళలో తేలేంత గుల్లరాయి కలిపి కట్టారట. నిప్పుకొండ కక్కిన నురుగు గట్టిపడిన రాయి. నిండా గాలి. ఆ గాలి గుణం వల్లే అంత పెద్ద కప్పు ఇన్ని వందల ఏళ్ళుగా నెత్తిన పడకుండా నిలబడి ఉందని చెప్తారు. కప్పుల కింద బతికిన మేస్త్రికి ఈ సంగతి తెలీదు. తెలిసినా, ఆ క్షణంలో పెనం మీదున్నదాని కంటే అది పెద్ద వింతగా ఆయనకి తోచేది కాదు.

తిరగెయ్యాలి. అట్లకాడ మందంగా ఉంది, మొదటిదాని అంచు చిరిగింది. మేస్త్రి గదిలోకి పరిగెత్తి, కాగితంలో చుట్టి ఉన్న తాపీని తెచ్చాడు. ఇంకా ప్లాస్టరు ముఖం చూడని కొత్త తాపీ, ఆకులా పల్చటిది. సలసల కాగే నీళ్ళలో కడిగి, తుడిచి, పాన్‌కేకు కిందికి పోనిచ్చాడు. ఈ ఒక్క పని మాత్రం ఆయన చేతికి వెన్నతో పెట్టిన విద్య. మణికట్టు అలా తిరిగిందో లేదో, అది గాల్లో తేలి చప్పుడు లేకుండా వెల్లకిలా పడింది. పైకొచ్చిన వైపు ఎండలో కాగిన ఇసుకరంగు. తర్వాత అది లేచింది. నిజంగానే, వాళ్ళిద్దరి కళ్ళముందు, అంగుళం మందానికి లేచి నిలబడింది. ఇన్నిసార్లు వేసిన డ్రైవరు కూడా మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

చక్కెర పాకంలో నిమ్మతొక్క గీరి వేసి, పాన్‌కేకుని ముంచి, వేళ్ళతో తుంచితే వేళ్ళ కిందే విడిపోయింది. నోట్లో వేసుకుని నాలుకతో పైకి అదిమి చూశాడు. పళ్ళతో పనిలేకుండా కరిగింది. గిన్నె పట్టుకుని అక్క గది గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఇందాక కందిపోయిన ఆ మొహం గుర్తొచ్చింది.

అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. వాసన ముందే వెళ్ళింది ఆ గదిలోకి. ఆవిడ ముక్కు ఎగబీల్చి, తల అడ్డంగా ఊపింది.

"ఇది అది కాదు."

మేస్త్రి నీరుగారిపోయాడు. గుడ్లు లేవక్కా, పాలు లేవు, అరటిపండు వేశాను, ఓట్స్ కలిపాను, అసలుదాంట్లో పడాల్సింది దీంట్లో ఒక్కటీ పడలేదు అని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆవిడ వింటూనే ఇంకోసారి వాసన పీల్చింది. కళ్ళు గిన్నె మీదినుంచి కదల్లేదు.

"అది కాదంటున్నాను గానీ, వద్దన్నానా? పెట్టు."

ఆయన గోరంత తుంచాడు. ఆవిడ ఆ ముక్కనీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, దాన్ని చీమకి పెట్టుకో, సరిగా పెట్టు అంది. సరిగా పెట్టాడు. ఆవిడ నోరు మూసింది. దవడ ఒక పక్కకి కదిలింది, ఆగింది. మేస్త్రి కింద పడేసిన బరువులా మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ గొంతుకేసి చూస్తున్నాడు.

మన గొంతులో దారులు రెండు. ఒకటి గాలిది, ఒకటి తిండిది. రెండూ ఒకే గుమ్మంలోంచి వెళ్ళాలి. ముద్ద వచ్చిన ప్రతిసారీ గాలిదారికి తలుపు పడి, ముద్ద అవతలికి జారాక మళ్ళీ తెరుచుకోవాలి. పుట్టినప్పటినుంచి పోయేదాకా రోజూ వందల సార్లు ఇది జరుగుతూనే ఉంటుంది, ఎవరూ కాపలా ఉండరు, ఎవరూ మెచ్చుకోరు. సామ్రాజ్యాలు ఎలా పడిపోయాయో పుస్తకాలు పుస్తకాలుగా రాసుకున్నాం గానీ, ఒక ముద్ద ఎలా కిందికి దిగుతుందో ముక్కు మీద వేలేసుకుని చూసినవాళ్ళు తక్కువ. పూత మేస్త్రి చూశాడు. ముడతలు పడిన ఆ మెడ చర్మం కింద ఏదో పైకి లేచింది, రెప్పపాటు నిలిచింది, దిగిపోయింది. దగ్గు రాలేదు.

అక్క నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు.

"ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావు," అంది. "ఇంకోటి."

ఆ మధ్యాహ్నం ఆవిడ ఒకటిన్నర పాన్‌కేకు తింది. మధ్యలో రెండుసార్లు అలసిపోయి ఆగింది. అసలుదాని రుచి ఎలా ఉంటుందో తనకి తెలీదు కాబట్టి దీన్ని బాగోలేదనడానికి కూడా లేదని, అయినా చక్కెర ఎక్కువైందని తేల్చింది. మిగిలినవి డ్రైవరు కూతురికి వెళ్ళాయి. ఆ పిల్ల అరటిపండు వాసనొస్తోందని మూతి తిప్పి, మూడు తిందట.

మర్నాడు పొద్దున నర్సమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడుచుకుంటూ వచ్చింది. సంగతి విని నమ్మలేదు. తన కళ్ళముందు తినమంది. వీధి చివరి కొట్టు ఇంకా తెరవలేదు, మేస్త్రి డబ్బా దులిపితే రాలిన గుప్పెడు పిండితో ఒక్కటి పోసి తెచ్చాడు. అక్క తింటుంటే నర్సమ్మ రెండు వేళ్ళు ఆవిడ గొంతు మీద ఆనించి, తల ఊపి, ఇటు రండి అని మేస్త్రిని పిలిచింది. ఆయన చెయ్యి తీసుకుని, బొటనవేలు సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది.

సున్నంతో, ప్లాస్టరుతో కాయలు కాసిన వేలు. ఏది ఆరిందో ఏది ఇంకా పచ్చిగా ఉందో తాకితే చెప్పగల వేలు. దాని కింద అక్క గొంతు ఎముక చిన్న పిట్టలా లేచి, దాటి, కిందికి వచ్చి కూర్చుంది. నర్సమ్మ తన సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పులు వెతుక్కుంటూ, వచ్చేవారం వస్తానని చెప్పి మెట్లు దిగిపోయింది.

"ఇంక తియ్యి చెయ్యి," అంది అక్క. "చక్కిలిగింతలు పెడుతోంది."

ఆయన తియ్యలేదు. ఇంకొక్క ముద్ద తినమన్నాడు.